బస్తా తగ్గిందా, కాటా పాడైందా? హైబ్రిడ్ కారు బ్యాటరీ సెన్సార్ల గుట్టు

లోపం కనబడినప్పుడు కారు కంప్యూటర్ రాసుకునే గుర్తును ఫాల్ట్ కోడ్ అంటారు. ఇంజన్‌తో పాటు పెద్ద బ్యాటరీ, మోటారు ఉండే హైబ్రిడ్ కార్ల ఫాల్ట్ కోడ్‌లలో పీ0ఏ80 (P0A80)కి ఉన్నంత చెడ్డపేరు మరోదానికి లేదు. మిగతా కోడ్‌లు ఫలానా సర్క్యూట్‌లో వోల్టేజీ తక్కువనో, ఫలానా సెన్సార్ రీడింగ్‌కు పొంతన లేదనో ఒక లక్షణం చెప్పి ఊరుకుంటాయి. దీని పేరే ఒక తీర్పు: ‘హైబ్రిడ్ బ్యాటరీ ప్యాక్ మార్చండి’. స్కానర్ తెర మీద ఆ మాట కనబడగానే షెడ్‌లో ఎస్టిమేట్ కాగితం బయటికొస్తుంది, యజమాని మనసులో ఈఎంఐ లెక్కలు మొదలవుతాయి. తీర్పు చెప్పిన కంప్యూటర్ మాత్రం బ్యాటరీని చూసిన పాపాన పోలేదు. దానికి తెలిసిందల్లా కొన్ని సన్నని తీగలు మోసుకొచ్చిన అంకెలు.

రేషన్ షాపు నుంచి తెచ్చిన బియ్యం ఇంటి దగ్గర తూస్తే అరకిలో తగ్గిందనుకోండి. బస్తా తగ్గిందా, కాటా పాడైందా? ఆ బియ్యాన్నే పదిసార్లు తూచినా సంగతి తేలదు. ఎవరికీ అనుమానం లేని కిలో రాయి ఒకటి తెచ్చి అదే కాటా మీద పెడితే నిమిషంలో తేలిపోతుంది. హైబ్రిడ్ బ్యాటరీ సెన్సార్ లోపాలు పట్టుకోవడంలో ఉన్న విద్యంతా దాదాపు ఇదే. ప్రతి సెన్సార్‌కూ ఒక కిలో రాయి ఉంటుంది. అంటే, అది ఎంత చూపించాలో మనకు ముందే కచ్చితంగా తెలిసిన పరిస్థితి. ఆ పరిస్థితిలో పెట్టి చూడకుండా సెన్సార్‌ను నమ్మడమూ తప్పే, బ్యాటరీని తిట్టడమూ తప్పే.

చెప్పుకోవడానికి ఒక కారు కావాలి కాబట్టి 2004-2009 మధ్య వచ్చిన రెండో తరం టయోటా ప్రియస్‌ను తీసుకుంటాను. బయటి మెకానిక్‌లు బాగా విప్పి చూసి, అలవాటు పడిన బ్యాటరీ అది. అమెరికాకు చదువులకు వెళ్లిన మన పిల్లలు సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కునే కార్లలో అదీ ఒకటి. ఇండియాకు ప్రియస్ అధికారికంగా వచ్చింది 2010లో, అదీ మూడో తరం. అంతకు ముందు 2008లో హోండా సివిక్ హైబ్రిడ్, తర్వాత 2013లో క్యామ్రీ హైబ్రిడ్ వచ్చాయి గానీ అవి మన రోడ్ల మీద అరుదు. 2022లో హోండా సిటీ హైబ్రిడ్, టయోటా హైరైడర్, మారుతీ గ్రాండ్ విటారా, టయోటా ఇన్నోవా హైక్రాస్ వరసగా దిగాక హైబ్రిడ్ అనేది మన వీధిలోకీ వచ్చేసింది. పాత ప్రియస్ సంగతి మనకెందుకంటారా? హైక్రాస్‌లో ఉన్నదీ నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీయే, అందులో సెల్స్ 168. ఆనాటి ప్రియస్‌లోనూ సరిగ్గా అన్నే.

ఆ 168 సెల్స్‌ను ఆరేసి చొప్పున 28 మాడ్యూళ్లుగా పేర్చారు. సెల్‌కు 1.2 వోల్టులు, మాడ్యూల్‌కు 7.2, అన్నీ వరసగా కలిపితే 201.6 వోల్టులు. సామర్థ్యం 6.5 ఆంపియర్ అవర్లు. ఆంపియర్ అవర్ల లెక్కలో చూస్తే ఇది బైక్ బ్యాటరీని మించదు, గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. ఈ 28ని బ్యాటరీ కంప్యూటర్ విడివిడిగా చూడదు. రెండేసి మాడ్యూళ్లను ఒక బ్లాక్‌గా లెక్కేసి 14 బ్లాకుల వోల్టేజీ కొలుస్తుంది. అందుకు 15 తీగలు చాలు, ఎందుకంటే ఒక బ్లాకు ముగిసే చోటే పక్క బ్లాకు మొదలవుతుంది, మధ్య తీగ ఇద్దరికీ ఉమ్మడి. ఈ ఉమ్మడి తీగే ముందు ముందు మనకు పెద్ద ఆధారం. ఇవి కాక మొత్తం కరెంటు కొలవడానికి ఒకే ఒక్క సెన్సార్, మాడ్యూళ్ల వేడి చూడటానికి మూడు, లోపలికి వచ్చే గాలి వేడి చూడటానికి మరొకటి. కంప్యూటర్‌కు ఉన్న ప్రపంచం ఇంతే.

ముందు ఆ చిన్న బ్యాటరీ సంగతి చూడండి

పెద్ద బ్యాటరీ మీద చెయ్యి వేసేముందు 12 వోల్టుల మామూలు బ్యాటరీ చూడాలి. మామూలు కారులో అది నీరసిస్తే పొద్దున్నే సెల్ఫ్ కొట్టినప్పుడు మూలుగుతుంది, మనకు తెలిసిపోతుంది. ఇలాంటి హైబ్రిడ్‌లో ఇంజన్‌ను తిప్పేది పెద్ద బ్యాటరీ. చిన్నదానికి పని కంప్యూటర్లను నిద్రలేపడం, పెద్ద బ్యాటరీని కారుకు కలిపే రిలేలను, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌లను, కలపడం వరకే. కాబట్టి అది చావుకు దగ్గర పడినా చప్పుడు చెయ్యదు. కంప్యూటర్లకు సరిపడా వోల్టేజీ అందక అవి పిచ్చి కోడ్‌లు రాసుకుంటాయి, వాటిలో పెద్ద బ్యాటరీ సెన్సార్ల కోడ్‌లూ ఉండొచ్చు. నిండుగా ఉన్న బ్యాటరీ, కారు ఆపి కొన్ని గంటలయ్యాక, మల్టీమీటర్ మీద 12.6 దరిదాపుల్లో చూపించాలి. 12కి దిగువ ఉంటే ముందు దాన్ని ఛార్జ్ చేసి లేదా మార్చి, కోడ్‌లు చెరిపి, మళ్లీ వస్తాయేమో చూడండి. లక్షల రూపాయల ఎస్టిమేట్ ఇచ్చే చోట ఈ రెండు నిమిషాల పని చెయ్యకపోతే మాత్రం నాకు కోపం వస్తుంది.

రెండో మాట స్కానర్ గురించి. ఆన్‌లైన్‌లో దొరికే చవక స్కానర్ ఇంజన్ కంప్యూటర్‌తోనే మాట్లాడుతుంది. బ్యాటరీ కంప్యూటర్ రాసుకున్నది దానికి అందదు. టయోటా సొంత సాఫ్ట్‌వేర్ టెక్‌స్ట్రీమ్ అన్నీ చదువుతుంది. డాక్టర్ ప్రియస్, హైబ్రిడ్ అసిస్టెంట్ వంటి ఫోన్ యాప్‌లు బ్లూటూత్ అడాప్టర్‌తో కలిపి వాడితే బ్లాకు వోల్టేజీలు, కరెంటు, ఉష్ణోగ్రతలు బాగానే చూపిస్తాయి. కోడ్ కంటే ముఖ్యమైనది కోడ్ పడిన క్షణంలో కంప్యూటర్ దాచుకున్న అంకెల పట్టిక. దీన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్‌లు చెరిపితే ఇదీ పోతుంది. ‘క్లియర్ చేసి చూద్దాం సార్’ అని ఎవరన్నా అంటే, ముందు దాని ఫొటో తీసుకోండి.

కోడ్‌ల పేర్లలోనే సగం రోగం

సెన్సార్ కోడ్‌లు గుంపులుగా వస్తాయి. కరెంటు సెన్సార్‌కు పీ0ఏసీ0, పీ0ఏసీ1, పీ0ఏసీ2. బ్యాటరీ ఉష్ణోగ్రత సెన్సార్‌కు పీ0ఏ9సీ, పీ0ఏ9డీ, పీ0ఏ9ఈ. రెండు గుంపుల్లోనూ వరస ఒకటే: మొదటిది రీడింగ్ నమ్మేలా లేదని, రెండోది సిగ్నల్ వోల్టేజీ మరీ తక్కువని, మూడోది మరీ ఎక్కువని. ఈ మూడింటికీ తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

సెన్సార్ సిగ్నల్ సాధారణంగా 0కీ 5 వోల్టులకూ మధ్య నడుస్తుంది, కానీ ఆరోగ్యంగా ఉన్న సెన్సార్ ఆ రెండు కొసలనూ తాకదు. తాకిందంటే తీగ తెగింది, లేదా బాడీకో మరో తీగకో తగిలింది. అంటే ‘తక్కువ’, ‘ఎక్కువ’ కోడ్‌లు రెండూ ఎక్కువగా వైరింగ్ కథలు: కప్లర్ (తీగలను కలిపే ప్లగ్) ఊడటం, పిన్ను చిలుము పట్టడం, ఎలుక కొరకడం. ఎలుకంటే నవ్వకండి. వానాకాలంలో అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఆపిన కార్ల వైర్లు కొరికించుకున్నవాళ్లను అడగండి. ‘నమ్మేలా లేదు’ అనే కోడ్ మాత్రం వేరు జాతి. తీగ బాగుంది, అంకె వస్తోంది, కానీ ఆ అంకె పక్కవాటితో పొసగడం లేదు. కిలో రాయి అవసరమయ్యేది ఇక్కడే.

వేడి చూసే కాటాకు రాయి: తెల్లవారుజాము

బ్యాటరీ ఉష్ణోగ్రత సెన్సార్ ఒక థర్మిస్టర్. వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. తీగ తెగితే రెసిస్టెన్స్ అనంతం, కాబట్టి కంప్యూటర్‌కు అది మంచుకొండలా కనబడుతుంది. తీగలు రెండూ తగులుకుంటే రెసిస్టెన్స్ సున్నా, కొలిమిలా కనబడుతుంది. వరంగల్‌లో మే నెల మధ్యాహ్నం ఒక సెన్సార్ మైనస్ 40 చూపిస్తుంటే ఇంక ఆలోచించాల్సిందేమీ లేదు.

చిక్కు వచ్చేది ఆరేడు డిగ్రీలు తప్పు చెప్పే సెన్సార్‌తో. దాన్ని పట్టుకోడానికి కారును రాత్రంతా నీడలో కదలకుండా ఉంచి, తెల్లారేసరికి, ఇంజన్ స్టార్ట్ చెయ్యకముందే అన్ని ఉష్ణోగ్రతలూ చదవాలి. అంతసేపు ఆగిన బ్యాటరీలో వేడి ఎక్కడా మిగలదు. మూడు బ్యాటరీ సెన్సార్లు, గాలి సెన్సార్, బయటి గాలి ఉష్ణోగ్రత, అన్నీ ఒకటి రెండు డిగ్రీల తేడాలో కలవాలి. నాలుగు 24 అంటుంటే ఒకటి 31 అంటే ఆ ఒక్కటే దొంగ. మధ్యాహ్నం బండి నడిపి వచ్చి ఇదే పరీక్ష చేస్తే పనికిరాదు. నడిచిన బ్యాటరీలో మధ్య మాడ్యూళ్లు అంచుల్లోవాటి కంటే వేడిగా ఉండటం సహజం.

అన్ని సెన్సార్లూ కలిసి ఎక్కువ చూపిస్తుంటే? అప్పుడు వాటిని అనుమానించకండి. మూడు కాటాలు ఒకే బరువు చెబుతుంటే బరువు నిజమే. అప్పుడు చూడాల్సింది ఫ్యాన్‌ను. టయోటా హైబ్రిడ్‌లు చాలావాటిలో బ్యాటరీని చల్లబరిచే గాలి కారు క్యాబిన్ నుంచే పోతుంది, దాని నోరు వెనక సీటు పక్కన జాలీలా ఉంటుంది. కొత్త సీటు కవర్లు వేయించినప్పుడు అది మూసుకుపోతుంది. పెళ్లికి వెళ్లేటప్పుడు బ్యాగులు ఆనించి పెడతారు. పెంపుడు కుక్క వెంట్రుకలు, దుమ్ము కలిసి ఫ్యాన్ రెక్కల మీద కంబళిలా పేరుకుంటాయి. తర్వాతి మోడళ్లలో జాలీ వెనక చిన్న ఫిల్టర్ పెట్టారు, దాన్ని ఎప్పుడైనా తీసి దులిపారేమో సర్వీస్ బిల్లుల్లో వెతికి చూడండి. బ్యాటరీ వేడెక్కితే కంప్యూటర్ దానిలోకి, దాని నుంచి వెళ్లే పవర్ తగ్గించేస్తుంది, మైలేజీ పడిపోతుంది, బండి బరువుగా నడుస్తుంది. ఇందులో సెన్సార్ తప్పు ఇసుమంత కూడా లేదు. నిజం చెప్పినందుకు దాన్ని మార్చేస్తుంటారు.

ఒక సెన్సార్ దొంగ అని తేలాక కూడా, తప్పు సెన్సార్‌దా తీగదా అనే ప్రశ్న మిగిలే ఉంటుంది. సెన్సార్ కప్లర్ ఊడదీస్తే రీడింగ్ మంచుకొండకు దూకాలి, కప్లర్‌లోని రెండు పిన్నుల్నీ తీగముక్కతో కలిపితే కొలిమికి దూకాలి. రెండూ జరిగితే తీగ, కంప్యూటర్ బాగున్నట్టు, సెన్సార్ మార్చుకోవచ్చు. దూకకపోతే సెన్సార్‌ను వదిలేసి తీగ వెంట నడవాలి. ఈ తీగల్లో ఉన్నది చిన్న వోల్టేజీయే గానీ, వాటి దగ్గరికి చేరాలంటే ప్యాక్ మూత తియ్యాలి, అది వేరే సంగతి, కింద చెబుతాను.

కరెంటు కాటాకు రాయి: సున్నా

కరెంటు సెన్సార్ ఒక చిన్న ఉంగరం లాంటిది. బ్యాటరీ ప్రధాన కేబుల్ దాని గుండా వెళ్తుంది. కేబుల్‌లో కరెంటు పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది, ఉంగరంలోని హాల్ సెన్సార్ దాన్ని వోల్టేజీగా మారుస్తుంది. కరెంటు అసలు లేనప్పుడు 5 వోల్టులకు సరిగ్గా మధ్యలో, 2.5 దగ్గర నిలబడుతుంది. బ్యాటరీ ఛార్జ్ అవుతుంటే ఒక వైపు, ఖర్చవుతుంటే రెండో వైపు జరుగుతుంది.

దీని కిలో రాయి కారులోనే సిద్ధంగా ఉంది. బ్రేక్ తొక్కకుండా పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే డ్యాష్‌బోర్డ్ వెలుగుతుంది గానీ, బండి కదలడానికి సిద్ధమని చెప్పే ‘రెడీ’ లైట్ రాదు. ఆ స్థితిలో పెద్ద బ్యాటరీ రిలేలు తెరిచే ఉంటాయి, ఒక్క ఆంపియర్ కూడా పారే దారి లేదు. కాబట్టి స్కానర్‌లో బ్యాటరీ కరెంటు సున్నా చూపించాలి, పాయింట్ల తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. మూడు ఆంపియర్లు చూపిస్తోందంటే లేని బియ్యాన్ని తూస్తున్నట్టు.

మూడు ఆంపియర్లు ఏపాటి అనిపించొచ్చు, ఇది వంద ఆంపియర్లు పారే కేబుల్ కదా. ఇందాక గుర్తుంచుకోమన్న 6.5 ఆంపియర్ అవర్లు ఇక్కడ పనికొస్తాయి. బ్యాటరీ ఎంత నిండిందో కంప్యూటర్ తెలుసుకునేది ముఖ్యంగా కరెంటు కూడికలు, తీసివేతలతోనే. వోల్టేజీ చూసి చెప్పొచ్చు కదా అంటే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ ఆ సాయం చెయ్యదు. మధ్య పరిధిలో దాని వోల్టేజీ దాదాపు చదునుగా ఉంటుంది, 45 శాతం నిండినా 70 శాతం నిండినా పెద్ద తేడా కనబడదు. ఇక సెన్సార్ ఒక్క ఆంపియర్ తప్పు చెబితే గంటలో ఒక ఆంపియర్ అవర్ తప్పుతుంది, అంటే 15 శాతం. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేలోపు కంప్యూటర్ లెక్క, బ్యాటరీ నిజం రెండూ వేర్వేరు ఊళ్లలో ఉంటాయి. ఎక్కడో ఒకచోట వోల్టేజీ అదాటుగా పడిపోతే కంప్యూటర్ ఉలిక్కిపడి లెక్క సరిచేసుకుంటుంది. డ్యాష్‌బోర్డ్ మీద ఆరు గీతలున్న బ్యాటరీ బొమ్మ క్షణంలో రెండు గీతలకు పడిపోయేది అలాంటప్పుడే. అయితే ముసలి బ్యాటరీ కూడా ఇదే లక్షణం చూపిస్తుంది. అందుకే గీతలు పడిపోవడం చూసి తీర్పు చెప్పకూడదు, సున్నా పరీక్ష చెయ్యాలి.

బ్యాటరీ విప్పి బిగించిన తర్వాత కొత్తగా సమస్య మొదలైతే ఉంగరంలోకి కేబుల్ ఏ వైపు నుంచి దూర్చారో చూడండి. తిరగేసి దూరిస్తే ఛార్జ్ అవుతున్నది ఖర్చులా, ఖర్చవుతున్నది ఛార్జ్‌లా కనబడుతుంది. రెడీ పెట్టి, ఇంజన్ ఆగి ఉండగా ఏసీ ఫుల్ చేస్తే కరెంటు ఖర్చు వైపు జరగాలి, ఇంజన్ అందుకోగానే గుర్తు మారాలి.

వోల్టేజీ: అసలు తగువు ఇక్కడ

పీ0ఏ80 పుట్టేది ఈ 14 బ్లాకుల అంకెల్లోంచే. బ్లాకుల మధ్య తేడా హద్దు దాటితే కంప్యూటర్ ఆ కోడ్ రాస్తుంది, దానితో పాటు పీ3011 నుంచి పీ3024 వరకు ఏదో ఒకటి రాస్తే ఫలానా బ్లాకు బలహీనం అని అర్థం: 3011 మొదటి బ్లాకు, 3024 పద్నాలుగోది. కొలిచే తీగే పూర్తిగా ఊడిందని అనుమానం వస్తే పీ3030. ఈ చివరిది పక్కన కనబడితే ఎస్టిమేట్ పక్కన పెట్టి ముందు తీగలు చూడమని కంప్యూటర్ స్వయంగా బతిమాలుతున్నట్టే.

మొదటి రాయి కూడిక. 14 బ్లాకుల వోల్టేజీలు కూడండి. బ్యాటరీ కరెంటును మోటారుకు పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ కూడా బ్యాటరీ వోల్టేజీని తన సొంత సెన్సార్‌తో వేరే దారిలో కొలుస్తుంది, స్కానర్‌లో అది ‘బూస్ట్‌కు (వోల్టేజీ పెంచడానికి) ముందు వోల్టేజీ’గా కనబడుతుంది. రెడీ స్థితిలో ఈ రెండు సంఖ్యలూ దగ్గరగా ఉండాలి. దూరంగా ఉంటే ఏదో ఒక కాటా అబద్ధం చెబుతోంది.

కూడిక సరిపోయినా పక్కపక్క బ్లాకులు చూడండి. ఉదాహరణకు విశ్రాంతిలో బ్లాకులన్నీ 15.6 చూపిస్తుంటే ఆరోది 13.1, ఏడోది 18.1 అనుకోండి. సగటు చూస్తే 15.6 దగ్గరే ఉంది. పన్నెండు నికెల్ సెల్స్ విశ్రాంతిలో 18.1 వోల్టులు చూపించడం జరగని పని, సెల్‌కు ఒకటిన్నర వోల్టు పడుతుంది. ఒకడు పోగొట్టుకున్నది సరిగ్గా పక్కవాడి జేబులో ఉందంటే దొంగతనం కాదు, వాళ్ల మధ్య గట్టు జరిగింది. ఆరుకూ ఏడుకూ ఉమ్మడి అయిన ఆ ఒక్క తీగ చివర చిలుము పట్టింది, లేదా నట్టు వదులైంది. బ్యాటరీ నిక్షేపంగా ఉంది.

పక్కవాడికి లాభం లేకుండా ఒకే బ్లాకు తగ్గితే అది బ్యాటరీ వైపు మొగ్గు. విశ్రాంతిలో 1.2, 1.3 వోల్టుల మేర తగ్గి అక్కడే నిలబడిందంటే ఒక సెల్ లోపల షార్ట్ అయి చచ్చిందని అనుమానించాలి, ఆ తేడా సరిగ్గా ఒక సెల్ విలువ. ఇంకో రకం ఉంది: విశ్రాంతిలో అందరితో సమానం, బండి లాగేటప్పుడు అందరికంటే కిందికి, ఛార్జ్ అయ్యేటప్పుడు అందరికంటే పైకి. ఇలా కరెంటు దిశ మారినప్పుడల్లా అటూ ఇటూ ఊగే బ్లాకులో ఎక్కడో రెసిస్టెన్స్ పెరిగింది. కొలిచే తీగలో లోపం ఉంటే కరెంటుతో సంబంధం లేకుండా ఎప్పుడూ ఒకే వైపు తప్పుతుంది.

ఆ పెరిగిన రెసిస్టెన్స్ సెల్‌లో ఉందా, మాడ్యూళ్లను కలిపే రాగిపట్టీ దగ్గర ఉందా? ఇది సూక్ష్మమైన ప్రశ్న, డబ్బు ఉన్నదీ ఇక్కడే. నికెల్ బ్యాటరీలో ఉండే పొటాషియం హైడ్రాక్సైడ్ ఏళ్ల తరబడి టెర్మినళ్ల అంచుల నుంచి చెమటలా ఊరి రాగిపట్టీల మీద పచ్చటి చిలుము పుట్టిస్తుంది. డిక్కీలోకి వాననీరు కారే కార్లలో ఇంకా త్వరగా. చిలుము పట్టిన కీలు దగ్గర వోల్టేజీ కరెంటుతో పాటే ఆ క్షణంలోనే పడుతుంది, కరెంటు ఆగగానే ఆ క్షణంలోనే లేస్తుంది. నీరసించిన సెల్ అలా కాదు. కొన్ని సెకన్ల పాటు జారుతూ పోతుంది, కరెంటు ఆగాక మెట్లెక్కే ముసలాయనలా నెమ్మదిగా లేస్తుంది. స్కానర్‌లో గ్రాఫ్ పెట్టి, ఒకరు నడుపుతుంటే పక్కన కూర్చున్నవాళ్లు చూస్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. నడిపేవాళ్లు చూడకూడదు.

రాగిపట్టీలదే తప్పయితే మందు మన వంటింట్లోనిదే. చింతపండుతో రాగిచెంబు తోమే సూత్రమే ఇక్కడా, మెకానిక్‌లు వెనిగర్ వాడతారు. తర్వాత నీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, నట్లు 5.4 న్యూటన్ మీటర్లకు మించకుండా టార్క్ రెంచ్‌తో బిగించాలి. బలం చూపిస్తే మాడ్యూల్ బోల్టు విరిగి, బాగు చెయ్యబోయిన బ్యాటరీ నిజంగానే పాడవుతుంది.

ఆశ ఎక్కువ పెట్టుకోవద్దని కూడా చెప్పాలి. పదిహేనేళ్ల ప్రియస్‌లో పీ0ఏ80 వస్తే, తీగలూ పట్టీలూ శుభ్రంగా ఉంటే, బ్యాటరీ వయసైపోయిందనే నా అంచనా. ఒక చచ్చిన మాడ్యూల్ మార్చి ఊరుకుంటే కొన్ని నెలల్లో దాని పక్కదో, ఇంకోటో మొరాయిస్తుంది, అన్నీ ఒకే వయసువి కదా. ఐదేళ్ల కారులో అదే కోడ్ వస్తే మాత్రం కాటాను పరీక్షించకుండా బస్తా పారెయ్యనివ్వకండి. అసలు ఆ వయసు కారైతే ముందు వారంటీ కాగితం తియ్యండి. ఇండియాలో టయోటా హైబ్రిడ్ బ్యాటరీలకు ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది, సొంతంగా మూత తీస్తే దాన్ని పోగొట్టుకుంటారు.

లిథియం అయితే

హైరైడర్, గ్రాండ్ విటారా హైబ్రిడ్‌లలో ఉన్నది లిథియం అయాన్. 48 సెల్స్, 177.6 వోల్టులు. లిథియం సెల్ ఓవర్‌ఛార్జ్‌ను సహించదు కాబట్టి బ్లాకులుగా కాక ప్రతి సెల్‌నూ విడిగా కొలవాల్సిందే. సెన్సింగ్ తీగలు ఎక్కువ, కాబట్టి తీగల లోపాలకు చోటూ ఎక్కువ. మంచి సంగతి ఏమిటంటే లిథియం వోల్టేజీ నికెల్ అంత చదునుగా ఉండదు, అందువల్ల కరెంటు సెన్సార్ కాస్త తప్పినా కంప్యూటర్ తేరుకోగలదు. సున్నా పరీక్ష, తెల్లవారుజాము పరీక్ష, ఉమ్మడి తీగ తర్కం మాత్రం ఇక్కడా అవే.

మూత తీసే ముందు

ఇంతవరకు చెప్పిన పరీక్షల్లో చాలావరకు సీట్లో కూర్చుని స్కానర్‌తో చేసేవే. మూత తీసే పని అలా కాదు. నారింజ రంగు కేబుళ్లలో ఉన్నది డీసీ 200 వోల్టులు, పట్టుకుంటే వదలనివ్వదు. శిక్షణ ఉన్నవాళ్లే చెయ్యాలి: కారు ఆఫ్ చేసి, తాళంచెవి దూరంగా పెట్టి, 12 వోల్టుల నెగటివ్ తీసి, 1000 వోల్టుల ఇన్సులేటెడ్ చేతొడుగులు వేసుకుని, నారింజ సర్వీస్ ప్లగ్ లాగి జేబులో వేసుకుని, ఇన్వర్టర్ కెపాసిటర్లు ఖాళీ అవడానికి కనీసం 10 నిమిషాలు ఆగి, మీటర్‌తో కొలిచి మరీ. ప్లగ్ లాగితే బ్యాటరీ చచ్చిపోదు, రెండు ముక్కలవుతుంది అంతే. ముక్కల్లో కరెంటు అలాగే ఉంటుంది. వీధిచివర షెడ్‌లో చేతొడుగులు లేకుండా స్పానర్ పెట్టబోతుంటే బండి వెనక్కి తెచ్చుకోండి.

అన్నీ చూసినా సందేహం తీరకపోతే మూత తీసిన మెకానిక్ దగ్గర చివరి రాయి ఒకటుంది, చోట్లు మార్చడం. పీ3016 పదేపదే వస్తోంది, అంటే ఆరో బ్లాకు. దాని రెండు మాడ్యూళ్లను తొమ్మిదో బ్లాకువాటితో చోటు మార్చి, కోడ్‌లు చెరిపి, బండి నడిపి చూడాలి. ఈసారి పీ3019 వస్తే రోగం మాడ్యూల్ వెంట వెళ్లింది, మాడ్యూళ్లదే తప్పు. మళ్లీ పీ3016 వస్తే మంచి మాడ్యూళ్లు పెట్టినా ఆ చోటే తప్పు చెబుతోంది. తప్పు తీగదో, కంప్యూటర్‌దో. వాటిలోనూ తీగ ముందు చూడాలి, అది చవక.